పాత ఎంజీబీ ఇంజిన్ దించి, విప్పి కట్టి, మళ్లీ ఎక్కించడం

వెనక నీలం పొగ. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారిపోతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అడుగు నుంచి దడదడ. మీ ఎంజీబీలో (ఎంజీ వాళ్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఈ మూడూ కనిపిస్తుంటే ఇంజిన్ బోరుకొచ్చినట్టే. ఉన్నదాన్నే విప్పి కట్టుకోవచ్చు, లేదంటే ఇంకో ఇంజిన్ తెచ్చి పెట్టుకోవచ్చు. ఏం చేసినా ముందు దించాల్సిందే కాబట్టి రెండూ కలిపే చెబుతాను.

స్పానర్ తిప్పడం ఎవరికైనా వారంలో వచ్చేస్తుంది. ఈ పనిలో మనుషుల్ని ఏడిపించేవి వేరే ఉన్నాయి. కొలవకుండా "బాగానే ఉందిలే" అని వదిలేసినవి, విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోనివి, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ నడుమ ఉండే నాలుగైదు సామాన్లు. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి గబగబా దాటేస్తాను.

ముందు నంబర్ చూడండి

ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. నాలుగు సిలిండర్ల బండ్లన్నిటిలోనూ ఉన్నది 1798 సీసీ బి-సిరీస్ ఇంజినే. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల కాదు. బ్లాకు కుడిపక్కన రివెట్లు కొట్టిన చిన్న రేకు మీద నంబర్ ఉంటుంది. దాని మొదటి అక్షరాలు చదవండి. 18జి, 18జిఎ అయితే క్రాంక్ (పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు) మూడు మెయిన్ బేరింగుల మీద తిరుగుతుంది. 18జిబి నుంచి ఐదు బేరింగులు. ఈ మార్పు 1964 చివర్లో వచ్చింది. 18జిడి అంటే 1967 నాటి మార్క్ 2, నాలుగు గేర్లకూ సింక్రోమెష్ (గేర్లు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) ఉన్న కొత్త గేర్‌బాక్స్‌తో వచ్చినది. 18వి ఇంజిన్లు 1971 నుంచి.

ఇంజిన్ మార్చాలనుకునేవాళ్లు బాగా గుర్తుంచుకోవాల్సిన ఏడాది 1967. అప్పుడు గేర్‌బాక్స్ మారింది. దాంతోపాటే ఇంజిన్ వెనక ప్లేటు, ఫ్లైవీల్, స్టార్టర్ మోటారు కూడా మారాయి. అంటే వెనక సామానంతా పేరుకే ఇంజిన్‌ది, నిజానికి గేర్‌బాక్స్ మాట వింటుంది. 1965 నాటి కారులో 1970 నాటి ఇంజిన్ పెట్టాలంటే బ్లాకు కొత్తదే ఉండొచ్చు, వెనక ప్లేటు, ఫ్లైవీల్ మాత్రం మీ గేర్‌బాక్స్‌కి తగినవి వెతుక్కోవాలి. క్రాంక్ చివర్లో గేర్‌బాక్స్ షాఫ్టు మొన కూర్చునే స్పిగట్ బుష్ అని ఒకటుంటుంది, వేలి కొసంత ఉంటుంది. అది సైజు తేడా వస్తే ఇంజినూ గేర్‌బాక్సూ చివరి అంగుళం దగ్గర మొండికేస్తాయి. కాబట్టి డబ్బు చేతులు మారక ముందే ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు, వెనక ప్లేటు, స్పిగట్ బుష్, ఈ మూడూ మీ వాటితో పక్కపక్కన పెట్టి సరిపోల్చండి.

కరెంటు సంగతి కూడా చూడాలి. 1967 వరకు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్త్ అయి, డైనమో ఉంటుంది. తర్వాతి ఇంజిన్‌తో ఆల్టర్నేటర్ వస్తుంది, అది నెగటివ్ ఎర్త్. అలాగే తగిలిస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు క్షణంలో పోతాయి. బండిని నెగటివ్ ఎర్త్‌కి మార్చడం ఇష్టం లేకపోతే పాత డైనమోనే తీసి కొత్త ఇంజిన్‌కి పెట్టుకోండి.

రోవర్ వీ8 పెట్టాలని చాలామందికి మనసవుతుంది. ఫ్యాక్టరీయే 1973 నుంచి 1976 వరకు 3528 సీసీ రోవర్ ఇంజిన్‌తో ఎంజీబీ జీటీ వీ8 అమ్మింది, కాబట్టి వింతేమీ కాదు. కానీ అప్పుడు గేర్‌బాక్స్, కూలింగ్, బ్రేకులు, వెనక యాక్సిల్, అన్నీ లెక్కలోకి వస్తాయి. మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా, వద్దు. బ్రిటన్‌లో రిజిస్టరైన బండి అయితే ఏ ఇంజిన్ మార్చినా కొత్త నంబర్‌ని అక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏకి తెలియజేసి వి5సి రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పించాలి.

"రీబిల్ట్ ఇంజిన్" అన్న మాటని నమ్మకండి. నేనొకసారి అలా అమ్మిందాన్ని కొన్నాను. పచ్చగా నిగనిగలాడుతూ కొత్త పెయింటు, కొత్త గాస్కెట్ అంచులు. ఎందుకైనా మంచిదని సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి ఒక్క బిగ్ ఎండ్ క్యాప్ (కనెక్టింగ్ రాడ్‌ని క్రాంక్‌కి పట్టి ఉంచే మూత) తీశాను. లోపలి బేరింగ్ షెల్ మీద బూడిదరంగు పూత పోయి రాగి బయటపడింది. ఆ ఇంజిన్‌కి జరిగిన రీబిల్ట్ పెయింటు డబ్బాతోనే. సంప్ తీయనివ్వని వాళ్ల దగ్గర ఇంజిన్ కొనకండి.

దించే ముందు ఒక పరీక్ష

ఇంజిన్ ఇంకా తిరుగుతుంటే కంప్రెషన్ చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్ రీడింగ్ రాసుకోండి. తక్కువొచ్చిన దాంట్లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులో బోరో అరిగింది. పెరగకపోతే వాల్వు దగ్గర లీకు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువొస్తే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడండి. కొన్నిసార్లు హెడ్ ఒక్కటి దించితే సరిపోయే బండికి కూడా జనం ఇంజిన్ మొత్తం దించేస్తుంటారు.

దించడం

స్పానర్లు అంగుళాల కొలతవి ఉండాలి. ఈ ఇంజిన్‌లో ఎక్కువ బోల్టులు యూఎన్ఎఫ్ మరలవి. అర అంగుళం, తొమ్మిది పదహారోవంతు స్పానర్లతోనే చాలా పని అయిపోతుంది. మిల్లీమీటర్ స్పానర్ "దాదాపు" పడుతుంది, అందుకే బోల్టు తలలు గుండ్రంగా అరిగిపోతాయి.

బ్యాటరీ విప్పండి. నీళ్లు, ఆయిల్ దించండి. బానెట్ తీసే ముందు కబ్జాల చుట్టూ పెన్సిల్ గీత గీసుకోండి. రేడియేటర్, ఆయిల్ కూలర్ గొట్టాలు, కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ కీలు, వైర్లు. ప్రతి వైరుకీ టేపు చుట్టి పేరు రాయండి. ఫోన్‌తో ఫొటోలు తీయండి, కానీ ఫొటోల మీదే ఆధారపడకండి. మూడు నెలల తర్వాత చూస్తే నల్లటి వైర్లన్నీ ఒకటే.

ఇక్కడ ఒకదాని దగ్గర మెల్లగా వెళ్లాలి. పాత బండ్లలో టెంపరేచర్ గేజ్‌కి వైరు ఉండదు. హెడ్‌లో దూర్చిన చిన్న బల్బు నుంచి సన్నటి రాగి గొట్టం డాష్‌బోర్డు దాకా పోతుంది. ఆ గొట్టం మెలితిరిగినా చిట్లినా లోపలున్న ద్రవం పోయి గేజ్ చచ్చిపోతుంది. నట్టు తిప్పేటప్పుడు గొట్టం కూడా దాంతో తిరుగుతోందేమో చూస్తూ ఉండండి. తిరుగుతుంటే ఆపండి, తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. బయటికి వచ్చాక గుండ్రంగా చుట్టి పక్కకి కట్టేయండి.

క్లచ్ స్లేవ్ సిలిండర్‌ని గొట్టం విప్పకుండా, బోల్టులు మాత్రం తీసి పక్కకి వేలాడదీయండి. మళ్లీ బ్లీడింగ్ చేసే బాధ తప్పుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు అంచుల మీద రెండు వైపులా గుర్తు గీయండి. స్పీడో కేబుల్, ఓవర్‌డ్రైవ్ ఉంటే దాని వైర్లు, గేర్ లీవర్ కూడా విప్పండి.

ఇంజిన్ ఒక్కటే తీయాలా, గేర్‌బాక్స్‌తో కలిపి తీయాలా అని ఎప్పుడూ వాదన నడుస్తుంటుంది. నేను కలిపే తీస్తాను. బరువు పెరుగుతుంది, ముందుభాగం బాగా పైకి, గేర్‌బాక్స్ తోక కిందికి వచ్చేలా ఏటవాలుగా లాగాలి. కానీ మళ్లీ పెట్టేటప్పుడు కారు కింద పడుకుని షాఫ్టు క్లచ్ ప్లేట్లో దూర్చే తిప్పలు ఉండవు. హాయిస్ట్‌తో పాటు వాలు సర్దే లెవెలర్ కూడా తెచ్చుకోండి. వేలాడుతున్న ఇంజిన్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు.

విప్పడం

గేర్‌బాక్స్‌ని ఇంజిన్ నుంచి వేరు చేసేటప్పుడు దాని బరువు షాఫ్టు మీద పడనివ్వకండి. పడితే క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగుతుంది. క్లచ్ విడిపించే బేరింగ్ ఇందులో బాల్ బేరింగ్ కాదు, గ్రాఫైట్ ముక్క. ఇంజిన్ బయట ఉన్నప్పుడే అది మార్చేయండి.

హెడ్ మీద 11 నట్లు ఉంటాయి. వాటిలో నాలుగు రాకర్ షాఫ్టుని కూడా పట్టుకుంటాయి. రాకర్ తీయడానికని ఆ నాలుగే వదులు చేస్తే హెడ్ మెలితిరుగుతుంది. మొత్తం 11 నట్లనీ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి వదులు చేయండి. పుష్‌రాడ్లని అట్టముక్కకి రంధ్రాలు చేసి 1 నుంచి 8 వరకు వరసగా గుచ్చండి. టాపెట్లనీ (కామ్ మీద ఆని పుష్‌రాడ్లని పైకి నెట్టే ముక్కలు) అదే వరసలో పెట్టండి. ఏ టాపెట్ ఏ కామ్ మీద అరిగిందో అక్కడికే పోవాలి.

కనెక్టింగ్ రాడ్లకీ, క్యాపులకీ నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే విప్పక ముందే కొట్టండి. క్యాపులు తారుమారైతే ఆ రాడ్లు మళ్లీ మెషినింగ్‌కి వెళ్లాల్సిందే. డిస్ట్రిబ్యూటర్ తీసే ముందు ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ పైస్థానానికి తెచ్చి, రోటర్ ఎటు చూస్తోందో, తీశాక కింద డ్రైవ్ గాడి ఏ వాలులో ఉందో ఫొటో తీయండి. ఆ గాడిలో ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది. అది తేడా పడితే టైమింగ్ ఎంత తిప్పినా కలవదు.

కొలవడం

అసలు పని ఇది. బ్రిటిష్ మాన్యువల్స్ అన్నీ అంగుళంలో వెయ్యోవంతు లెక్కన మాట్లాడతాయి, షెడ్డులో దాన్నే థౌ అంటారు. మైక్రోమీటర్, బోర్ గేజ్, ఫీలర్ గేజులు, ప్లాస్టిగేజ్ తీగ (బేరింగ్ సందు కొలిచే మెత్తటి తీగ), ఇవి ఉంటే చాలు. మీ ఇంజిన్ నంబర్‌కి సరిపోయే వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన తెరిచి పెట్టుకోండి.

బోరు అసలు కొలత 3.160 అంగుళాలు, అంటే 80.26 మిల్లీమీటర్లు. ముందు వేలి గోరు బోరు పైఅంచున గీరండి. గోరుకి మెట్టులా తగిలితే అరుగుదల బాగానే ఉంది. ఆ మెట్టుకి కాస్త కింద, మధ్యలో, అడుగున, ఒక్కోచోట పొడవునా అడ్డంగా రెండేసి సార్లు కొలవండి. పైన పెద్దగా, కింద చిన్నగా వస్తే గరాటులా అరిగినట్టు. కొత్త రింగులు వేసినా అది ఆయిల్ తాగుతూనే ఉంటుంది. లేత్ షెడ్డుకి పంపి తర్వాతి ఓవర్‌సైజ్‌కి బోరింగ్ చేయించండి. ఒక మెలకువ ఉంది. పిస్టన్లు ముందు కొని చేతికివ్వండి, ఆ పిస్టన్లు కొలిచి బోరు చేయమనండి. డబ్బా మీద రాసిన సైజుకీ లోపలి పిస్టన్‌కీ కొన్నిసార్లు తేడా ఉంటుంది.

క్రాంక్ జర్నళ్లు (బేరింగులలో తిరిగే భాగాలు) గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డులా అయ్యాయా చూడాలి. గోరుకి గీతలు తగిలితే గ్రైండింగ్ తప్పదు. గ్రైండ్ చేస్తే 10 థౌ, 20 థౌ చొప్పున తగ్గుతుంది, అంతకు తగ్గ అండర్‌సైజ్ షెల్స్ కొనాలి. తిరిగొచ్చాక క్రాంక్ లోపలి ఆయిల్ దారుల్లో రాపిడి పొడి మిగలకుండా సన్నటి బ్రష్‌తో మీరే శుభ్రం చేయండి. ఎంత పేరున్న షెడ్డయినా సరే, ఈ పని మాత్రం వాళ్లకి వదలను.

కామ్ ముక్కుల మీద, టాపెట్ల అడుగున చిన్న గుంటలు కనిపిస్తే రెండూ మార్చాలి. కొత్త కామ్‌కి పాత టాపెట్లు పెట్టడం అంటే కొత్త కామ్‌ని పారేయడమే.

హెడ్‌లో వాల్వు సీట్ల నడుమ పగుళ్లు వెతికించండి. ఈ ఇంజిన్లు సీసం కలిసిన పెట్రోల్ రోజుల్లో పుట్టినవి. బ్రిటన్‌లో 2000 మొదట్లోనే ఆ పెట్రోల్ మామూలు బంకుల నుంచి వెళ్లిపోయింది. సీసం లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు మెల్లగా లోపలికి తినుకుపోతాయి. హెడ్ ఎలాగూ షెడ్డులో ఉంది కాబట్టి గట్టిపరచిన సీట్లు వేయించేయండి. గైడ్లు కూడా అప్పుడే.

బ్లాకు కడగడానికి పంపే ముందు కోర్ ప్లగ్గులు (నీటి గదుల రంధ్రాలు మూసే రేకు మూతలు), ఆయిల్ గ్యాలరీ చివర్ల ప్లగ్గులు తీయించండి. నాలుగో సిలిండర్ చుట్టూ నీటి గదిలో ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు బురద ఉంటుంది. వెనక సిలిండర్ వేడెక్కడానికి కారణం చాలాసార్లు అదే. స్క్రూడ్రైవర్‌తో గీకి, నీళ్లు స్వచ్ఛంగా వచ్చేదాకా కడగండి. పాత ఇంజిన్ బేరింగులు పోయి ఉంటే ఆయిల్ కూలర్‌ని మాత్రం కడగడానికి చూడకండి. లోపలి మడతల్లో ఇరుక్కున్న లోహపు పొడి ఎప్పటికీ పూర్తిగా రాదు. కొత్తది కొనండి.

కట్టడం

బోర్లని వేడినీళ్లూ సబ్బుతో తోమండి. పెట్రోల్‌తో కడిగితే శుభ్రంగా కనిపిస్తుంది గానీ హోనింగ్ పొడి (బోరుని సానపట్టినప్పుడు వచ్చినది) గీతల్లోనే ఉంటుంది. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. తుడిచిన వెంటనే ఆయిల్ పూయండి, టీ తాగి వచ్చేలోగా తుప్పు పట్టేస్తుంది.

మెయిన్ షెల్స్ పొడిగా, మచ్చలేకుండా కూర్చోవాలి, వాటి పైముఖానికే ఆయిల్. క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు మధ్య బేరింగ్ దగ్గర ఉంటాయి, వాటి మీది ఆయిల్ గాడులు క్రాంక్ వైపు చూడాలి. మెయిన్ క్యాపులు టార్క్ రెంచ్‌తో 70 పౌండ్ ఫుట్లకి బిగించి, ఒక్కో క్యాప్ బిగించిన ప్రతిసారీ క్రాంక్ చేత్తో తిప్పి చూడండి. పట్టేసినట్టు అనిపిస్తే అప్పుడే బిగించిన క్యాప్ దగ్గరే తప్పు ఉంది. క్రాంక్‌ని ముందుకీ వెనక్కీ తోసి కొలిస్తే ఆట 4 నుంచి 5 థౌ ఉండాలి.

రింగుల్ని పిస్టన్‌కి తొడగక ముందు ఒక్కొక్కటీ బోరులోకి దింపి, పిస్టన్ తలతో చదును చేసి, సందు కొలవండి. బోరు వ్యాసంలో అంగుళానికి 4 థౌ అన్నది పాత లెక్క, అంటే ఇక్కడ సుమారు 12, 13 థౌ. తక్కువుంటే వేడికి రింగు కొనలు ఒకదానికొకటి తగిలి విరుగుతాయి. పిస్టన్ మీద గుర్తు ముందువైపు చూడాలి. బిగ్ ఎండ్ బోల్టులు 35 నుంచి 40 పౌండ్ ఫుట్లు.

టైమింగ్ చైన్ వేసేటప్పుడు రెండు చక్రాల మీదున్న చుక్కలు ఒకదానికొకటి ఎదురెదురుగా రావాలి. చక్రాలు రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూడండి, తేడా ఉంటే క్రాంక్ చక్రం వెనక షిమ్ములు సర్దాలి. కామ్ ముక్కులకీ టాపెట్ల అడుగుకీ కామ్ పేస్టు దట్టంగా పూయండి.

ఆయిల్ పంపు బిగించే ముందు దాని లోపల పెట్రోలియం జెల్లీ కూరండి. పంపు పొడిగా ఉంటే గాలినే తిప్పుతూ కూర్చుంటుంది, ఆయిల్ లాగదు. గ్రీజు మాత్రం వద్దు, అది కరగదు.

హెడ్ నట్లు మధ్యలోంచి బయటికి, మూడు విడతల్లో, 45 నుంచి 50 పౌండ్ ఫుట్లకి. టాపెట్ సందు (రాకర్‌కీ వాల్వుకీ నడుమ ఖాళీ) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 15 థౌ. ఏ వాల్వు ఎప్పుడు సర్దాలో గుర్తుండటానికి తొమ్మిది లెక్క ఉంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

ఎక్కించడం

దించిన పద్ధతే తిరగేసి. క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్ మధ్యకి తేవడానికి అమరిక కడ్డీ వాడండి, కంటితో చూసి పెట్టకండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపేటప్పుడు చివరి అంగుళం రాకపోతే బోల్టులతో లాగొద్దు. వెనక్కి తీసి, షాఫ్టు ఒక పన్ను తిప్పి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ముందు చెప్పిన స్పిగట్ బుష్ గుర్తు తెచ్చుకోండి.

అందరూ మర్చిపోయే సామాను ఒకటుంది. ఇంజిన్ నుంచి బాడీకి పోయే అల్లిక ఎర్త్ పట్టీ. ఇంజిన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది కాబట్టి అది లేకపోతే స్టార్టర్ కరెంటుకి వేరే దారి లేక చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోతుంది. స్టార్టర్ నీరసంగా తిరుగుతూ చోక్ గుండీ దగ్గర పొగ వస్తే కారణం అదే.

మొదటిసారి స్టార్ట్

ఆయిల్ 20డబ్ల్యూ-50, జింకు బాగా ఉన్నది ఎంచుకోండి. కొత్త కార్ల పల్చటి ఆయిల్ ఈ టాపెట్లకి పనికిరాదు. ఎస్‌యూ కార్బురేటర్ల డాష్‌పాట్లలో (పైనుండే చిన్న ఆయిల్ గదులు) కూడా ఆయిల్ పోయడం మర్చిపోవద్దు.

ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ వైరు విప్పి, స్టార్టర్‌తో పది పదిహేను సెకన్ల చొప్పున తిప్పండి. గేజ్ ముల్లు లేచేదాకా ఇంజిన్‌కి నిప్పు చూపించొద్దు. లేవకపోతే ఫిల్టర్ వైపు వెళ్లే ఆయిల్ గొట్టం విప్పి, అందులోంచి పంపు వైపుకి ఆయిల్ వెనక్కి పోసి, మళ్లీ తిప్పండి. సాధారణంగా అంతటితో లేస్తుంది.

ప్లగ్గు వైర్ల వరస 1-3-4-2. స్టార్టవగానే ఐడిల్‌లో వదిలేయకండి. 2000 ఆర్‌పీఎం దగ్గర, కాస్త పైకీ కిందికీ మారుస్తూ, 20 నిమిషాలు నడపాలి. నెమ్మదిగా తిరిగితే కామ్ మీదికి ఆయిల్ చాలినంత చిమ్మదు. ఆ 20 నిమిషాలూ టెన్షనే. ఒకరు ప్రెషర్ గేజ్ చూస్తూ ఉండాలి, ఇంకొకరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని టార్చితో లీకులు వెతకాలి. కొత్త పెయింటు కాలుతూ కాస్త పొగ వస్తుంది, కంగారు పడకండి. ప్రెషర్ పడిపోతే మాత్రం ఇంకేం ఆలోచించకుండా ఆపేయండి. వేడెక్కాక రోడ్డు మీద 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య ఉంటే ఇంజిన్ బాగా కుదిరినట్టు.

తర్వాత 500 మైళ్లు ఒకే వేగంతో నడపకండి, గేర్ లాగలేక గింజుకునేలా కూడా నడపకండి. ఆ 500 అయ్యాక ఇంజిన్ పూర్తిగా చల్లబడనిచ్చి హెడ్ నట్లు అదే వరసలో మళ్లీ బిగించండి. హెడ్ కొద్దిగా కూర్చుంటుంది కాబట్టి టాపెట్ సందులు మారి ఉంటాయి, మళ్లీ సర్దండి. ఆయిల్, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్‌ని పారేసే ముందు కోసి, లోపలి కాగితం మడతలు ఎండలో విప్పి చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు ఉంటే మామూలే. రాగి రంగు తళుకు కనిపిస్తే సంప్ దించండి.